డీటీఎం ఫైలులో ఏం వెళ్తుంది, ఏం జారిపోతుంది

సర్వే వాళ్లు పంపిన డీటీఎం (నేల ఎత్తుపల్లాల డిజిటల్ నమూనా) ఫైలు తెరుచుకుంటుంది. కాంటూర్లు వస్తాయి. సెంటర్ లైన్ వేస్తే లాంగ్ సెక్షన్ (రోడ్డు పొడవునా నేల ఎత్తుల గీత) కూడా వస్తుంది. ఇంకేం, నేల వచ్చేసిందనుకుని ఎఫ్‌ఆర్‌ఎల్ (కట్టబోయే రోడ్డు పైమట్టం) గీయడం మొదలవుతుంది. డీటీఎంతో ఉన్న చిక్కే అది. తప్పున్నా చక్కగానే తెరుచుకుంటుంది, ఏ హెచ్చరికా రాదు. ఆ తప్పు ఎర్త్‌వర్క్ లెక్కలోనో, సైటులో గ్రేడర్ దిగాకో బయటపడుతుంది.

నెల్లూరు డెల్టా లాంటి చదును నేల మీద ఇది మరీ ఖరీదైన వ్యవహారం. ఇక్కడ రోడ్డంతా కట్ట మీదే పోతుంది, కటింగ్ దాదాపు ఉండదు. కాబట్టి ఒకచోట ఎక్కువైంది మరోచోట తగ్గి సర్దుకునే వీలు లేదు. కట్ట అడుగు వెడల్పు 30 మీటర్లు అనుకుంటే, నేల మట్టంలో 10 సెంటీమీటర్ల తప్పు కిలోమీటరుకు 3000 ఘనపు మీటర్ల మట్టి. టిప్పరుకు 10 ఘనపు మీటర్ల లెక్కన 300 ట్రిప్పులు. పది సెంటీమీటర్లు అంటే జానెడు కూడా కాదు, కయ్యల మధ్య గెనిమ ఎత్తంత కూడా ఉండదు.

ఏ ఫార్మాట్ మంచిది అని అడిగేవాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఒక ఎదురు ప్రశ్నే. ఆ ఫైలులో ట్రయాంగిల్స్ వెళ్తున్నాయా, పాయింట్లు మాత్రమే వెళ్తున్నాయా? మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

ఎందుకో చూద్దాం. నేలను దాచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి టిన్: కొలిచిన పాయింట్లను మూడేసి చొప్పున కలిపిన ట్రయాంగిల్స్ వల. రెండోది గ్రిడ్: సమాన దూరంలో గళ్లు, గడికో ఎత్తు. రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు లోపల పనిచేసేది టిన్ మీదే. అయితే పాయింట్లు అవే అయినా ట్రయాంగిల్స్ అవే కావాలని లేదు. నాలుగు పాయింట్ల చతుర్భుజాన్ని రెండు ట్రయాంగిల్స్‌గా కోయాలంటే కర్ణం అటు వేయొచ్చు, ఇటు వేయొచ్చు. పాయింట్లు నాలుగూ ఒకే వృత్తం మీద పడితే ట్రయాంగిల్స్ అల్లే డెలానే పద్ధతికి రెండూ సమానమే, ఏది ఎంచుకోవాలో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఇష్టం. కర్ణం అటు వేస్తే గట్టు, ఇటు వేస్తే కాలువ. అందుకే గట్టు మీద, కాలువ అడుగున, పాత రోడ్డు అంచున బ్రేక్‌లైన్ వేస్తాం, ఈ గీతను ఏ ట్రయాంగిలూ దాటకూడదని.

పాత రోడ్డునే తీసుకోండి. 7 మీటర్ల బీటీ (తారు) రోడ్డు, 2.5 శాతం క్యాంబర్ (నడుమ నుంచి అంచులకు వాలు). క్రౌన్, అంటే రోడ్డు నడిమి గీత, అంచు కంటే 8.75 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. క్రౌన్ మీది షాట్లూ (కొలిచిన పాయింట్లు) అంచు షాట్లూ ఎదురెదురుగా లేకపోతే, బ్రేక్‌లైన్ లేని చోట సాఫ్ట్‌వేర్ ఎడమ అంచు నుంచి కుడి అంచుకు తిన్నగా ట్రయాంగిల్ వేసేస్తుంది. క్రౌన్ నేలలోకి మునిగిపోతుంది. అక్కడి సెక్షన్‌లో పోయిన వైశాల్యం 7 × 0.0875 ÷ 2, అంటే 0.306 చదరపు మీటర్లు. రోడ్డు పొడవునా అలాగే పోతే కిలోమీటరుకు 306 ఘనపు మీటర్లు. నాలుగో వంతు చోట్ల పోయినా 76 ఘనపు మీటర్లు. అది మట్టి కాదు, పాత రోడ్డు మట్టం సరిచేసే ప్రొఫైల్ కరెక్షన్ కోర్సులో పడే తారు మిక్సు. ఎస్టిమేట్‌లో ఉంటుంది, రోడ్డు మీద ఉండదు.

ఇప్పుడు ఫార్మాట్ల సంగతి. అందరికీ తెలిసింది ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్. 2008లో వచ్చిన 1.2 వెర్షనే ఇప్పటికీ ఎక్కువ నడుస్తోంది. టెక్స్ట్ ఫైలు కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు, నా దృష్టిలో దాని పెద్ద సుగుణం అదే. లోపల పాయింట్ల జాబితా ఒకటి, ప్రతి పాయింటుకూ ఒక నంబరు. దాని కింద ట్రయాంగిల్స్ జాబితా, ప్రతి ట్రయాంగిల్‌కూ మూడు పాయింట్ల నంబర్లు. అంటే ఎవరు ఎవరితో కలిశారో ఫైలులోనే రాసి ఉంటుంది, తీసుకునే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఊహించాల్సిన పని లేదు. ఇవి కాక సోర్స్ డేటా అనే భాగంలో బ్రేక్‌లైన్లు, బౌండరీలు కూడా వెళ్లొచ్చు. వెళ్లొచ్చు అంటున్నాను, వెళ్తాయని కాదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ టిక్కు పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి. ట్రయాంగిల్స్ వచ్చి బ్రేక్‌లైన్లు రాకపోతే ఈరోజుకు నేల సరిగానే ఉంటుంది. రేపు నాలుగు పాయింట్లు అదనంగా కలిపి రీబిల్డ్ కొట్టగానే, బ్రేక్‌లైన్ అండ లేని ట్రయాంగిల్స్ తమ దారి చూసుకుంటాయి.

ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్‌లో తరచూ కాలు జారే చోట్లు మూడు.

మొదటిది కోఆర్డినేట్ల వరస. ఈ ఫార్మాట్‌లో ముందు నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం), తర్వాత ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), చివర ఎత్తు. సొంతంగా రాసుకున్న స్క్రిప్టులు, కొన్ని కన్వర్టర్లు దాన్ని ఎక్స్, వై, జడ్ అనుకుని చదివేస్తాయి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ యూటీఎం (ప్రపంచాన్ని జోన్లుగా కోసిన మ్యాపు కొలతల పద్ధతి) 44వ జోన్‌లో ఉన్నాయి. నెల్లూరు ఊరి దగ్గర ఈస్టింగ్ సుమారు 3.9 లక్షలు, నార్తింగ్ సుమారు 15.96 లక్షలు. ఒంగోలు దగ్గర ఈస్టింగ్ 4 లక్షలకు కాస్త తక్కువ, నార్తింగ్ 17 లక్షలు దాటుతుంది. ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసి పెట్టుకుంటే చాలు. ఈస్టింగ్ పది లక్షలు దాటి కనిపిస్తే తారుమారైందని అర్థం. విడిగా చూస్తే కాంటూర్లు మామూలుగానే ఉంటాయి, కానీ బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఎడమ వంపులన్నీ కుడి వంపులవుతాయి. పాయింట్ల టెక్స్ట్ ఫైలు తెచ్చుకునేటప్పుడు ఈస్టింగ్ ముందా నార్తింగ్ ముందా అని అడిగేదీ ఇందుకే.

రెండోది యూనిట్లు. మీటర్ల ఫైలును అడుగులని చదివితే నార్తింగ్ 15.96 లక్షల నుంచి 4.86 లక్షలకు పడిపోతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించనిది ఇంకోటుంది. ఇంపీరియల్ (అడుగుల) టెంప్లేట్‌లో డ్రాయింగ్ మొదలుపెట్టి, తర్వాత తెలిసి మీటర్లకు మార్చినప్పుడు, ఒకవైపు ఇంటర్నేషనల్ అడుగు, ఇంకోవైపు అమెరికన్ సర్వే అడుగు వాడేస్తారు. మొదటిది సరిగ్గా 0.3048 మీటరు. రెండోది 1200ను 3937తో భాగిస్తే వచ్చేది, 0.3048006. తేడా పది లక్షలకు రెండు పాళ్లు. రోడ్డు పొడవు మీద అది ఏమీ కాదు. కానీ 15.96 లక్షల నార్తింగ్ మీద 3.2 మీటర్లు, 3.9 లక్షల ఈస్టింగ్ మీద 78 సెంటీమీటర్లు. రోడ్డంతా బొమ్మలో చెక్కుచెదరదు, మొత్తం ఒక లేన్ వెడల్పు పక్కకు జరుగుతుంది. అమెరికా వాళ్లే ఆ సర్వే అడుగును 2022 చివర్లో పక్కన పెట్టేశారు. మన టెంప్లేట్లలో మాత్రం ఇంకా కాపురం ఉంది.

మూడోది దాచిన ట్రయాంగిల్స్. రోడ్డు సర్వే అంటే సన్నటి పట్టీ. వంపు దగ్గర సాఫ్ట్‌వేర్ ఆ పట్టీ లోపలి పక్కన, కొలవని నేల మీద పొడుగాటి ట్రయాంగిల్స్ వేసేస్తుంది. బౌండరీ పెట్టి వాటిని దాచేస్తాం. ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఇలా దాచినదానికి ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే దాచినవన్నీ లేచి కూర్చుంటాయి. మందు తేలికే. తీసుకున్న చోట ట్రయాంగిల్ భుజం గరిష్ఠ పొడవు పెట్టండి. క్రాస్ సెక్షన్లు 25 మీటర్లకు ఒకటి, సెక్షన్‌లో షాట్లు 5 నుంచి 10 మీటర్ల ఎడంలో ఉంటే కర్ణం 27 మీటర్ల దాకా వస్తుంది, కాబట్టి 40 పెడితే సరిపోతుంది. 25 పెడితే ఆ కర్ణాలన్నీ ఎగిరిపోయి నేలంతా జల్లెడవుతుంది. చెరువు లోపల షాట్లు పలచగా ఉన్నచోట 40కి కూడా చిల్లులు పడతాయి. అక్కడ గరిష్ఠ పొడవును కాదు, చేత్తో గీసిన బౌండరీని నమ్ముకోవాలి.

సొంత ఫార్మాట్ల దగ్గరికొస్తే, ఆటోడెస్క్ వాళ్ల సివిల్ త్రీడీ టిన్‌ను డ్రాయింగ్‌లోనే ఉంచుతుంది. మరీ పెద్ద సర్ఫేస్ అయితే కొంత భాగాన్ని ఎంఎంఎస్ అనే పక్క ఫైలులోకి తోసేస్తుంది. డ్రాయింగ్ ఒక్కటే వాట్సాప్‌లో పంపి ఆ పక్క ఫైలు మరిచిపోతే అవతలివాళ్లకు సర్ఫేస్ ఖాళీ. మామూలు ఆటోక్యాడ్‌లో తెరిచినవాళ్లకు అది బొమ్మగా కనిపించవచ్చేమో కానీ నేలగా పనికిరాదు. పాత వెర్షన్ ఉన్నవాళ్లకు కొత్త వెర్షన్ ఆబ్జెక్టులతో తిప్పలు సరే సరి. ఒకే ఆఫీసు, ఒకే వెర్షన్ అయితే మాత్రం డేటా షార్ట్‌కట్‌ను (అసలు డ్రాయింగ్‌లోని నేలకే లంకె) మించింది లేదు. పాయింట్లు, బ్రేక్‌లైన్లు, బౌండరీ, చేత్తో తిప్పిన కర్ణాలు అన్నీ చేసిన వరసలో అలాగే ఉంటాయి.

బెంట్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్లది పెద్ద ఉమ్మడి కుటుంబం. ఇన్‌రోడ్స్‌ది డీటీఎం అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న బైనరీ ఫైలు. అందులో ఫీచర్లూ ట్రయాంగిల్స్ రెండూ ఉంటాయి, ఏ ఫీచర్‌ను ట్రయాంగిల్స్‌లో కలపకూడదో కూడా గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకుండా బయటికి తెస్తే కరెంటు తీగల ఎత్తులు నేలలో కలిసి గుడారాల్లా లేస్తాయి. జియోపాక్‌ది టిన్ ఫైలు. ఇక ఓపెన్‌రోడ్స్ నేలను డీజీఎన్ అనే తన డ్రాయింగ్ ఫైలులోనే పెట్టుకుంటుంది, పైవాటన్నిటినీ తీసుకుంటుంది. తీసుకునేటప్పుడు ట్రయాంగిల్స్ ఉన్నవి ఉన్నట్టు కావాలా, ఫీచర్లు తీసుకుని మళ్లీ అల్లాలా అని అడుగుతుంది. అవతలివాళ్ల క్వాంటిటీతో మీది కలవాలంటే ట్రయాంగిల్సే తీసుకోండి. మీరే ఇకపై ఆ నేలను సవరిస్తూ పోవాలంటే ఫీచర్లు. రెండూ కావాలంటే రెండు నేలలుగా, రెండు పేర్లతో తెచ్చుకోండి. ఒకదానిలో కలిపేస్తే ఏది ఎవరిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఆ కుటుంబంలోని ఎంఎక్స్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పాత డీపీఆర్‌లు (ప్రాజెక్టు నివేదికలు) తిరగేస్తే ఇంకా అదే బయటపడుతుంది. అది మాస్ అనే పాత సాఫ్ట్‌వేర్ వారసుడు. దానికి నేలంటే ట్రయాంగిల్స్ కాదు, స్ట్రింగులు. రోడ్డు అంచు ఒక స్ట్రింగు, కాలువ అడుగు ఒక స్ట్రింగు, ప్రతిదానికీ నాలుగక్షరాల పేరు, మొదటి అక్షరాన్ని బట్టి అది ఏమిటో తెలుస్తుంది. ట్రయాంగిల్స్ ఆ స్ట్రింగుల మీద అల్లిన మరో పొర. మోడల్ ఫైలు బైనరీ, బయటికి ఇచ్చేది జెనియో అనే టెక్స్ట్. జెనియోలో స్ట్రింగులు మీకు అక్షరాలా వస్తాయి, అంటే బ్రేక్‌లైన్లు పదిలం. ఇది ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ ప్రతిసారీ చేయని మేలు. కానీ ఎంఎక్స్‌లో వాళ్లు అల్లిన ట్రయాంగిల్స్ మీ దగ్గర మళ్లీ అల్లాలి. ఆ నాలుగక్షరాల పేర్లకు కోడ్ లిస్టు అడిగి తీసుకోకపోతే ఏది గట్టో ఏది గట్టు కింది పాదమో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది.

ఏ దారీ లేనప్పుడు అందరూ పట్టుకునేది డీఎక్స్‌ఎఫ్ అనే డ్రాయింగ్ మార్పిడి ఫైలు, అందులో త్రీడీ ఫేస్‌లు. తెరుచుకోని సాఫ్ట్‌వేర్ లేదు, అదొక్కటే దాని బలం. ప్రతి ట్రయాంగిల్ విడి ముక్క, పక్కదానితో చుట్టరికం ఏమీ రాసి ఉండదు. మూడు మూలలకూ నాలుగు స్థానాలు, నాలుగోదానిలో మూడోదే మళ్లీ. లెక్క వేసి చూడండి. టిన్‌లో పాయింట్లకు సుమారు రెట్టింపు ట్రయాంగిల్స్ ఉంటాయి. లక్ష పాయింట్లకు రెండు లక్షల ట్రయాంగిల్స్. మూడు దశాంశాలకు కుదిస్తే ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్‌లో పాయింటుకు 50 బైట్లు, ట్రయాంగిల్‌కు 28 చొప్పున 10, 11 ఎంబీ. అదే డీఎక్స్‌ఎఫ్‌లో ట్రయాంగిల్‌కు 250 బైట్లు వేసుకున్నా 50 ఎంబీ. ఐదింతల బరువు, సమాచారం తక్కువ. అయినా సరే, బ్రేక్‌లైన్లను త్రీడీ పాలీలైన్లుగా వేరే లేయర్లో పెట్టి పంపితే చాలావరకు గట్టెక్కొచ్చు. మామూలు పాలీలైన్ కాదు సుమా, దానికి ఉండేది ఒకటే ఎత్తు. చెరువు కట్ట టాప్ లైనును మామూలు పాలీలైన్‌గా పంపితే కట్ట మొదటి నుంచి చివరి దాకా, కలుజు మీద కూడా, ఒకే మట్టంలో వస్తుంది.

గ్రిడ్ సంగతి. రోడ్డు డిజైన్‌కు గ్రిడ్ ఎందుకు పనికిరాదో ఒక చెరువు కట్ట చాలు చెప్పడానికి. పైన 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు, రెండుకు ఒకటి వాలు అనుకోండి. అడుగు వెడల్పు 19 మీటర్లు. 10 మీటర్ల గ్రిడ్‌లో కట్టకు రెండు గళ్లు కూడా పూర్తిగా దక్కవు, టాప్ మీద ఒక్క గడి పడుతుందో లేదో అదృష్టం. 30 మీటర్ల ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి కొలిచిన ఎత్తుల గ్రిడ్)లో కట్ట చుట్టుపక్కల నేలలో కరిగిపోతుంది. పైగా ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో రాడార్‌తో కొలిచింది, ఎత్తులు పూర్ణాంక మీటర్లలో ఉంటాయి. కిలోమీటరుకు ఒక్క మీటరు కూడా వాలు లేని డెల్టాలో ఆ నేల మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మెట్టు దగ్గర వాగు ఉందనుకుని కల్వర్టు పెట్టేవాళ్లూ ఉంటారు. అలైన్‌మెంట్ ఎటు పోవాలి, నీరు స్థూలంగా ఎటు పారుతుంది అని చూడటానికి వాడండి. క్వాంటిటీకి వద్దు.

డ్రోన్ సర్వే గ్రిడ్ 1 మీటరు అయితే ఆ కట్ట బాగానే వస్తుంది. అక్కడ వచ్చే చిక్కు అర గడి జరగడం. కొన్ని ఫైళ్లలో ఇచ్చిన కోఆర్డినేట్ గడి మూలది, కొన్నింటిలో గడి మధ్యది. యాస్కీ గ్రిడ్ (టెక్స్ట్ రూపంలోని గ్రిడ్ ఫైలు)లో హెడర్ చదివితే కార్నర్ అనో సెంటర్ అనో ఉంటుంది, జియోటిఫ్ (బొమ్మ రూపంలోని గ్రిడ్ ఫైలు)లో పిక్సెల్‌ను ఏరియాగా తీసుకోవాలా పాయింటుగా తీసుకోవాలా అని లోపల ఉంటుంది. తప్పు చదివితే నేల అర మీటరు జరుగుతుంది. చదునులో తెలియదు, రెండుకు ఒకటి వాలు మీద 25 సెంటీమీటర్ల ఎత్తు తేడా.

ఖాళీ గడికి పెట్టే అంకె ఇంకో గొడవ. మైనస్ 9999 పెడితే పొరపాటున ఎత్తుగా చదివినా కనిష్ఠ ఎత్తు చూడగానే పట్టుకోవచ్చు. కొందరు సున్నా పెడతారు. పడమట గిద్దలూరు వైపు అది నడుస్తుందేమో కానీ తీరాన బకింగ్‌హాం కాలువ, రొయ్యల చెరువుల దగ్గర సున్నా మీటరు అనేది నిజమైన నేల మట్టం. సున్నాలన్నీ ఖాళీ అని తీసేస్తే నిజమైన నేల పోతుంది, ఉంచేస్తే లేని నేల వస్తుంది.

సైజు కూడా చూసుకోండి. 30 కిలోమీటర్ల రోడ్డు ఈశాన్యంగా ఏటవాలుగా పోతే దాన్ని పట్టే చతురస్రం 21 కిలోమీటర్లకు 21. ఒక మీటరు గ్రిడ్‌లో 44 కోట్ల గళ్లు, గడికి 4 బైట్లంటే కుదించకపోతే 1.76 జీబీ. అందులో 60 మీటర్ల పట్టీకి కావాల్సింది 18 లక్షల గళ్లు, అర శాతం కూడా కాదు. రెండేసి కిలోమీటర్ల టైల్స్‌గా కోసి తీసుకోవడమే దారి.

డ్రోన్ అన్నాం కాబట్టి లాస్ ఫైళ్లు. ఇవి పాయింట్ల మేఘాలు, డీటీఎం కాదు, డీటీఎంకు ముడిసరుకు. ఇందులో ప్రతి పాయింటుకూ ఒక క్లాస్ నంబరు ఉంటుంది: 2 అంటే నేల, 3 నుంచి 5 దాకా చెట్టూచేమా, 6 భవనం, 9 నీరు. క్లాస్ 2 మాత్రమే వడకట్టి టిన్ కట్టాలి. అన్ని పాయింట్లూ 2 కాని ఏదో ఒకే క్లాసులో ఉన్న ఫైలు వచ్చిందంటే వర్గీకరణ జరగలేదని, అది డీఎస్ఎం (చెట్లు, ఇళ్లతో సహా కొలిచిన పైతలం) అని అర్థం. కెమెరాతో తీసిన ఫొటోల నుంచి వచ్చిన మేఘానికి ఆకుల కింది నేల తెలియదు. కావలి వైపు సరుగుడు తోటలు, ఒంగోలు దాటాక జామాయిల్, సుబాబుల్ తోటలు ఉన్నచోట అది తోట నెత్తినే నేల అంటుంది. వరి కంకి దశలో ఉంటే పైరు ఎత్తే నేల ఎత్తు. డ్రోన్ ఎగరేసే తేదీ కోత అయ్యాక పెట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ కన్నా మేలు. తర్వాత పాయింట్లను 1 మీటరు ఎడానికి పలచన చేయండి. గట్టు, కాలువ, రోడ్డు అంచుల బ్రేక్‌లైన్లు మాత్రం టోటల్ స్టేషన్‌తో కొలిచి కలపండి.

లాస్ ఒక పని తెలివిగా చేస్తుంది. కోఆర్డినేట్లను స్కేలు, ఆఫ్‌సెట్‌తో పూర్ణాంకాలుగా దాస్తుంది, కాబట్టి మిల్లీమీటరు ఎక్కడికీ పోదు. త్రీడీ బొమ్మల కోసం వాడే బైనరీ ఎస్‌టీఎల్ దానికి పూర్తి వ్యతిరేకం, అందులో 32 బిట్ల దశాంశాలు. 15.96 లక్షల నార్తింగ్‌ను అందులో పెడితే దక్కే కచ్చితత్వం 12.5 సెంటీమీటర్లు. 3.9 లక్షల ఈస్టింగ్‌కు 3.1 సెంటీమీటర్లు. పాయింట్లన్నీ ఆ ఎడంలోనే గెంతుతాయి, రోడ్డు అంచు రంపపు పళ్లలా వస్తుంది. అలాంటి ఫార్మాట్‌లో పంపక తప్పదంటే నార్తింగ్‌లో 15,90,000, ఈస్టింగ్‌లో 3,90,000 తీసేసి పంపండి. తీసేసిన అంకెలను ఫైలు పేరులోనే రాయండి.

నిట్టనిలువు ముఖాలు ఏ టిన్ ఫార్మాట్‌లోనూ కుదరవు. ఒక చోట ఒకటే ఎత్తు ఉండాలన్నది టిన్ నియమం. చీమకుర్తి గ్రానైట్ క్వారీ పక్కగా రోడ్డు పోతుంటే బెంచీ పైగీత, కిందిగీత ప్లాన్‌లో ఒకదాని మీద ఒకటి పడతాయి, సాఫ్ట్‌వేర్ రెండిట్లో ఒకటి పారేస్తుంది. కిందిగీతను ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి జరిపి ఇవ్వడమే వాడుకలో ఉన్న కిటుకు. కర్బుకూ, రిటైనింగ్ వాల్‌కూ అంతే.

ఇప్పటిదాకా అడ్డంగా కొలిచేవి. నిలువు మట్టం ఇంకా ప్రమాదం. డీజీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (లెక్క కోసం భూమికి అనుకున్న నున్నటి గుండ్రటి రూపం) నుంచి ఎత్తు, మనకు కావాల్సింది సముద్ర మట్టం, అంటే జియాయిడ్ నుంచి. దక్షిణ భారతంలో ఈ రెండిటి తేడా పెద్దది, నెల్లూరు వైపు 80 మీటర్లకు పైనే, అదీ కింది వైపు. తీరాన నేల మట్టం మైనస్ ఎనభై చిల్లర చూపిస్తే కంగారు పడకండి, అది ఎలిప్సాయిడ్ ఎత్తు. ఇస్రో వాళ్ల భువన్ సైటులో దొరికే కార్టోడెమ్ ఎత్తులు ఎలిప్సాయిడ్ మీద, ఎస్‌ఆర్‌టీఎం జియాయిడ్ మీద ఉంటాయి. రెండూ పక్కపక్కన అతికిస్తే అతుకు దగ్గర ఎనభై మీటర్ల గోడ లేస్తుంది. అలాగని ఒకే అంకె కూడి వదిలేయకూడదు, జియాయిడ్ తీరం నుంచి నల్లమల దాకా ఒకేలా ఉండదు. జీటీఎస్ (సర్వే ఆఫ్ ఇండియా) బెంచ్‌మార్కు నుంచి లెవెల్ తెచ్చి, రోడ్డు పొడవునా మన బీఎంల (బెంచ్‌మార్కుల) మీద సరిచూసిన ఎత్తులే డీటీఎంలోకి వెళ్లాలి. ఈ విషయం ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్‌లో రాసే చోటు ఉన్నా చాలాసార్లు ఖాళీగా వస్తుంది. డీఎక్స్‌ఎఫ్‌లోనైతే ఎవరూ రాయరు. జియోటిఫ్ అడ్డకొలతల కోఆర్డినేట్ వ్యవస్థను నమ్మకంగా మోసుకొస్తుంది, నిలువు సంగతి అదీ తరచూ చెప్పదు.

యూటీఎం స్కేలు కూడా ఇక్కడే చెప్పేస్తాను. 44వ జోన్ మధ్య రేఖ 81 డిగ్రీలు. నెల్లూరు దానికి 110 కిలోమీటర్ల పడమర, అక్కడ స్కేలు 0.99975. అంటే నేల మీద కిలోమీటరు మ్యాపులో 25 సెంటీమీటర్లు తక్కువ. గిద్దలూరు 220 కిలోమీటర్లు దాటి ఉంది, అక్కడ స్కేలు 1.0002, అదే కిలోమీటరు 21 సెంటీమీటర్లు ఎక్కువ. ఒకే జోన్, పక్కపక్క ప్రాంతాలు, తప్పు ఎదురెదురు దిక్కుల్లో. నెల్లూరు దగ్గర 30 కిలోమీటర్ల రోడ్డుకు చైనేజీ (రోడ్డు వెంట దూరం) తేడా ఏడున్నర మీటర్లు. డీటీఎం గ్రిడ్ కోఆర్డినేట్లలో ఉందా, నేల దూరాలకు మార్చారా అన్నది ఏ ఫార్మాటూ తనంతట చెప్పదు. మార్చి ఉంటే ఏ బిందువు ఆధారంగా, ఏ గుణకంతో అన్నది మనమే రాసి పంపాలి.

సైటులో మెషిన్ కంట్రోల్ (మోడల్‌ను బట్టి బ్లేడు నడిపే ఏర్పాటు) ఉన్న గ్రేడర్‌కు ఇచ్చే ఫైలు మరో రకం. ట్రింబుల్ కంపెనీ పరికరాలకు టీటీఎం, టాప్‌కాన్ వాటికి టీఎన్3. ఇవి డిజైన్ నేలను బండికి ఇచ్చేందుకే, తిరిగి ఆఫీసుకు తెచ్చుకునేందుకు కాదు. పెద్ద ఫైలు ఇస్తే క్యాబిన్‌లోని బాక్సు మొరాయిస్తుంది, చైనేజీల వారీగా ముక్కలు చేసి ఇవ్వండి. బిమ్ (నిర్మాణమంతా డిజిటల్ మోడల్‌గా నడిపే పద్ధతి) ఫైళ్ల ఫార్మాటైన ఐఎఫ్‌సీ 4.3లో టిన్‌కు సొంత ఆబ్జెక్టు ఉంది, బ్రేక్‌లైన్ అంచులకు గుర్తులు కూడా ఉన్నాయి. 2024లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది. బిమ్ అడిగే ప్రాజెక్టులకు పనికొస్తుంది, రోజువారీ పనికి ఇంకా ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్లే.

ఫైలు అందాక చేయాల్సిన పరీక్ష పావుగంట పని. పంపినవాళ్ల దగ్గర సర్ఫేస్ ప్రాపర్టీస్‌లో ఉన్న పాయింట్ల సంఖ్య, ట్రయాంగిల్స్ సంఖ్య, కనిష్ఠ గరిష్ఠ ఎత్తులు, ప్లాన్ వైశాల్యం, వాలు వైశాల్యం అడిగి మీ దగ్గర వచ్చినవాటితో పోల్చండి. పాయింట్లు సమానమై ట్రయాంగిల్స్ ఎక్కువుంటే దాచినవి లేచాయి. రెండూ సమానమై వాలు వైశాల్యం తేడా వస్తే కర్ణాలు తిరిగాయి. తర్వాత సర్వేలో వాడని చెక్ షాట్లు ఓ ఇరవై తీసుకుని వాటి కింద డీటీఎం ఎత్తు ఎంతో చూడండి. తారు రోడ్డు మీద 2 సెంటీమీటర్లు దాటితే ఎందుకో అడగండి. దున్నిన పొలంలో 10 దాకా వదిలేయొచ్చు, చాలు పైనా చాలు లోపలా అంత తేడా ఎలాగూ ఉంటుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు రూపాలూ ఉంటే పాతదానికీ కొత్తదానికీ మధ్య వాల్యూమ్ సర్ఫేస్ వేయండి. కటింగ్ సున్నా, ఫిల్లింగ్ సున్నా రావాలి. రెండూ ఒకే అంకె వచ్చి నెట్ సున్నా అయితే మోసపోకండి, అది కర్ణాలు అటూ ఇటూ తిరిగిన గుర్తు కావచ్చు.

మీరు పంపేవైపు ఉంటే, మీ నుంచి నేను అడిగేది మూడు ఫైళ్లు: ట్రయాంగిల్స్‌తో ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్, బ్రేక్‌లైన్లూ బౌండరీ త్రీడీ పాలీలైన్లుగా ఒక డీఎక్స్‌ఎఫ్, ముడి పాయింట్లు కోడ్‌లతో సహా ఒక టెక్స్ట్ ఫైలు. వాటితో పాటు అరపేజీ కాగితం: జోన్, నిలువు మట్టం ఏ బీఎం నుంచి, స్కేలు గుణకం, యూనిట్, సర్వే తేదీ, పై పేరాలో చెప్పిన ఐదారు అంకెలు. ఆ కాగితం ఫైలు పేరు పక్కనే, అదే జిప్‌లో ఉండాలి. వాట్సాప్ మెసేజ్‌లో విడిగా పంపితే ఫోన్ మారిన రోజున అదీ పోతుంది.